బతికున్న కణజాలంలోకి చూపు: రెండు ఫోటాన్లు చాలవా, మూడు కావాలా?

ఓరుగల్లు_పీజీ

అందరికీ నమస్కారం. ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. సెమినార్‌కి మల్టీఫోటాన్ మైక్రోస్కోపీ ఎంచుకున్నాను, అంటే రెండు మూడు ఫోటాన్లు (కాంతి కణాలు) ఒకేసారి తగిలేలా చేసి కణాల్లో వెలిగే రంగును చూసే పద్ధతి. బతికున్న కణజాలాన్ని కోయకుండానే లోపలికి చూడొచ్చన్న మాట నన్ను పట్టేసింది. చదివేకొద్దీ రెండు చోట్ల ఆగిపోతున్నాను.

ఒకటి, నా దగ్గరున్న నోట్సులో "తరంగదైర్ఘ్యం పెరిగితే కాంతి లోతుకు పోతుంది, అందుకే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతే అయితే మామూలు కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌కే (ఒక్కో ఫోటాన్‌తో రంగును వెలిగించేది) ఇన్‌ఫ్రారెడ్ లేజర్ తగిలిస్తే సరిపోదా? రెండోది, ఇప్పుడు మూడు ఫోటాన్ల పద్ధతి వచ్చిందంటున్నారు. మరి రెండు ఫోటాన్లది పాతబడిపోయినట్టేనా?

ఈ యంత్రం దగ్గర పని చేసినవాళ్లు మాకు తెలిసి ఎవరూ లేరు. కాస్త టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లేజర్‌గది

తరంగదైర్ఘ్యం సగం సంగతే తమ్ముడూ. ముందు ఒక పని చెయ్యి. రాత్రి లైట్లు ఆర్పేసి ఫోన్ టార్చ్ మీద అరచెయ్యి బిగించి పెట్టు. వేళ్లన్నీ ఎర్రగా వెలుగుతాయి. కాంతి దాటుతోందన్నమాట. కానీ లోపలున్న ఎముక అంచు కనబడదు. కణజాలంలో మనకు పెద్ద అడ్డంకి కాంతి ఆగిపోవడం కాదు, చెదిరిపోవడం.

కాన్ఫోకల్‌లో లేజర్ వెళ్లిన దారంతా, పైన కిందా అంతటా, రంగు వెలుగుతుంది. అందులోంచి ఫోకస్ దగ్గరి వెలుగును మాత్రమే పిన్‌హోల్ (డిటెక్టర్ ముందుండే సన్నటి రంధ్రం) ఏరుకుంటుంది. లోతు పెరిగితే ఆ ఏరుకోవడమే దెబ్బతింటుంది. ఫోకస్ నుంచి బయల్దేరిన పచ్చ ఫోటాన్ దారిలో నాలుగుసార్లు చెదిరి పక్కకొస్తే పిన్‌హోల్ దాన్ని పరాయిదనుకుని ఆపేస్తుంది. ఇక ఇన్‌ఫ్రారెడ్ లేజర్ తగిలించడం గురించి. 920 నానోమీటర్ల ఫోటాన్ ఒక్కదానికి జీఎఫ్‌పీని (పచ్చగా వెలిగే ప్రోటీన్) ఉత్తేజపరిచే శక్తి లేదు. వెలుగే రాదు.

రెండు ఫోటాన్లు ఒకే అణువు దగ్గరికి ఫెమ్టోసెకండు (సెకనులో పది కోట్ల కోట్లో వంతు) లోపే కలిసి వస్తే మాత్రం రెండింటి శక్తీ కలిసి పని జరుగుతుంది. అలా కలిసి రావడం కాంతి తీవ్రత వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఫోకస్ దగ్గర తప్ప ఇంకెక్కడా దాదాపు జరగదు. మొత్తం ఆట ఇక్కడే ఉంది. పచ్చ ఫోటాన్ ఎన్ని వంకర్లు తిరిగి బయటికొచ్చినా మనకు పర్వాలేదు. అది ఎక్కడ పుట్టిందో వెతకక్కర్లేదు, ఎందుకంటే ఆ క్షణాన లేజర్ ఎక్కడ నిలబడి ఉందో మనకు తెలుసు. అందుకే పిన్‌హోల్ తీసేసి, ఆబ్జెక్టివ్ కటకం వెనకాలే వీలైనంత పెద్ద డిటెక్టర్ పెట్టి, దొరికిన ప్రతి ఫోటాన్‌నూ లెక్కలో వేసుకుంటాం.

బోర్డు మీద లెక్క ఇలా చూపించు. ఫోకస్ నుంచి z దూరంలో ఉన్న అడ్డపొరలో కాంతి శంకువు వైశాల్యం z వర్గంగా పెరుగుతుంది, తీవ్రత అదే లెక్కన తగ్గుతుంది. ఒక ఫోటాన్ పద్ధతిలో ఏ పొర తీసుకున్నా మొత్తం వెలుగు ఒకటే. రెండు ఫోటాన్లలో అది z వర్గానికి విలోమంగా పడిపోతుంది. మూడు ఫోటాన్లలో z నాలుగో ఘాతానికి విలోమంగా. నీ రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ చివరి వాక్యంలోనే ఉంది.

పాతపుస్తకం

లేజర్‌గది గారు చెప్పిన "కలిసి రావడం" అనే ఊహ లేజర్ కన్నా చాలా పాతది. మరియా గెప్పర్ట్-మేయర్ గ్యోటింగెన్‌లో 1931లో అచ్చయిన తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో అణువు ఒకేసారి రెండు ఫోటాన్లను తీసుకోగలదని లెక్కగట్టి చూపించారు. పరీక్షించడానికి అంత తీవ్రమైన కాంతి అప్పట్లో భూమ్మీద లేదు. 1960లో లేజర్ వచ్చింది, మరుసటి ఏడాదే కైజర్, గ్యారెట్ యూరోపియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో దాన్ని కళ్లారా చూశారు. ముప్ఫై ఏళ్లు కాగితం మీదే నిలబడిన లెక్క అది. ఆవిడకు 1963లో నోబెల్ వచ్చింది గానీ, పరమాణు కేంద్రకం మీద చేసిన వేరే పనికి. అంతకుముందు ఏళ్ల తరబడి జీతం లేకుండా విశ్వవిద్యాలయాల్లో పని చేశారు. సెమినార్‌లో ఆ పేరు తప్పకుండా చెప్పు బాబూ.

రెండు ఫోటాన్ల శోషణను కొలిచే యూనిట్‌కు ఆవిడ పేరే పెట్టారు, జీఎం అంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకండ్ లేజర్లతో జెడ్-స్కాన్ (నమూనాను ఫోకస్ గుండా జరుపుతూ కొలిచే పద్ధతి) చేసి కొత్త అణువులకు ఈ జీఎం విలువలు కొలిచే పని ఏళ్లుగా నడుస్తోంది. మైక్రోస్కోప్ చూడాలంటే ఎంత దూరం వెళ్లాలో గానీ, దాని వెనకున్న భౌతికశాస్త్రం ఓరుగల్లుకు మూడు గంటల దూరంలోనే ఉంది.

ఓరుగల్లు_పీజీ

చాలా థ్యాంక్స్ అండీ. పొరల లెక్క నోట్సులో ఎక్కడా లేదు. ఒక చిన్న సందేహం. తీవ్రత అంత కావాలంటే కణజాలం కాలిపోదా? సగటు పవర్ ఎంత ఉంటుంది?

లేజర్‌గది

పవర్‌ను కాలంలో కుదించేస్తాం. టైటానియం-సఫైర్ లేజర్ సెకనుకు 8 కోట్ల పల్స్‌లు ఇస్తుంది, ఒక్కోటి సుమారు 100 ఫెమ్టోసెకన్లు. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 12.5 నానోసెకన్ల ఖాళీ. ఖాళీని పల్స్ వెడల్పుతో భాగిస్తే 1,25,000 వస్తుంది. అంటే సగటున 10 మిల్లీవాట్లు పంపినా పల్స్ నడుస్తున్నంతసేపు తీవ్రత 1,250 వాట్ల లెక్కన ఉంటుంది. వేడికి సగటు పవర్ ముఖ్యం, రెండు ఫోటాన్లు కలవడానికి శిఖరం ముఖ్యం. ఈ రెండింటినీ విడదీయగలిగారు కాబట్టే 1990లో కార్నెల్‌లో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ ఈ మైక్రోస్కోప్ చేయగలిగారు. వాళ్లు వాడింది డై లేజర్. దాన్ని నడపాలంటే లేజర్ తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. ఆ తర్వాతి ఏళ్లలో టైటానియం-సఫైర్ వచ్చి స్థిరపడ్డాక జీవశాస్త్రవేత్తల చేతికి అందింది.

వేడి లేదని మాత్రం అనుకోవద్దు. ఎలుక మెదడు మీద 2016లో చేసిన కొలతల్లో 920 నానోమీటర్ల దగ్గర ప్రతి 100 మిల్లీవాట్లకూ దాదాపు 1.8 డిగ్రీలు పెరిగినట్టు తేలింది. 250 మిల్లీవాట్లు ఆపకుండా కొడితే కణాలకు హాని కనబడింది. ఎంత లోతైనా చూస్తాం అని ఎవరైనా అంటే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకో.

మెదడు_కిటికీ

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, రోజూ ఈ యంత్రం ముందే కూర్చుంటాను. పైన రాసిందంతా నిజం. పని చేసే చోట అది ఎలా ఉంటుందో నేను చెప్తాను.

ఎలుకకు మత్తిచ్చి, పుర్రెలో చిన్న గుండ్రటి ఎముక ముక్క తీసి, అక్కడ 3 మిల్లీమీటర్ల గాజు కవర్‌స్లిప్ కూర్చోబెట్టి, చుట్టూ పళ్ల డాక్టర్లు వాడే సిమెంట్‌తో అతికిస్తాం. దాన్నే కిటికీ అంటాం. ఎలుక కోలుకున్నాక తలను చట్రానికి బిగించి, ఆబ్జెక్టివ్‌కూ గాజుకూ మధ్య నీళ్లు పోస్తాం. గంటల తరబడి చూడాల్సి ఉంటే నీళ్లు ఆరిపోతాయని అల్ట్రాసౌండ్ జెల్ పెడతాం, స్కానింగ్ సెంటర్లో పొట్ట మీద రాసే జెల్లే. గదంతా చీకటి. కంప్యూటర్ మీద మిణుకుమనే చిన్న ఎల్‌ఈడీకి కూడా నల్ల టేప్ వేస్తాం, డిటెక్టర్ దాన్ని కూడా పట్టేస్తుంది. ఇంత చేసినా ఎలుక ఊపిరి తీసినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా బొమ్మ కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) కదులుతుంది. మనం చూసే డెండ్రైట్ స్పైన్ (నరకణం కొమ్మ మీద ఉండే చిన్న బుడిపె) ఒక మైక్రాన్ లోపే ఉంటుంది. కదలికను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తాం.

ఇప్పుడు స్పైన్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ రంగం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. 2002 డిసెంబర్‌లో రెండు బృందాలు నేచర్‌లో పక్కపక్కనే పేపర్లు వేశాయి. రెండూ ఎదిగిన ఎలుకల మెదడులో స్పైన్లు ఎంతకాలం నిలుస్తాయో రెండు ఫోటాన్ల పద్ధతిలోనే చూశాయి. ఒక బృందం నెల తర్వాత కూడా 96 శాతం అలాగే ఉన్నాయంది. ఇంకో బృందం సుమారు సగమే నెల పాటు నిలిచాయని, మిగతావి కొద్ది రోజుల్లోనే వచ్చిపోతున్నాయని రాసింది. వాళ్లు చూసిన కార్టెక్స్ (మెదడు వెలుపలి పొర) భాగాలు వేరు, ఎలుకల వయసూ వేరు. కానీ ఇంకో తేడా ఉంది. మొదటివాళ్లు పుర్రెను తీయకుండా పలచగా అరగదీసి దాని గుండా చూశారు, రెండోవాళ్లు ఎముక తీసి గాజు పెట్టారు. 2007లో ఈ రెండు రకాల కిటికీలనూ పోల్చి చూస్తే, ఎముక తీసిన చోట గ్లియా కణాలు (మెదడులో న్యూరాన్లకు తోడుండేవి) రెచ్చిపోయి స్పైన్ల రాకపోకలు పెరిగినట్టు తేలింది. చూడటానికి మనం చేసిన పనే చూసినదాన్ని మార్చింది.

అందుకే కొత్త యంత్రం గురించి ఎవరు చెప్పినా నేను లోతు ఎంత అని అడగను. దాన్ని పెట్టడానికి జంతువుకు ఏం చేశారు అని అడుగుతాను.

నీలిమేఘం

నాకు సైన్స్ పెద్దగా తెలియదు, చదువుతూ వచ్చాను. మా అమ్మమ్మకి అల్జీమర్స్. ఈ మైక్రోస్కోప్‌తో మనిషి మెదడులోకి చూసి జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలరా? ఎప్పటికైనా వీలవుతుందా?

మెదడు_కిటికీ

నీలిమేఘం గారూ, మనిషి మెదడు మీద ఇది కుదరదు. మన పుర్రె మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, దాని కిందే మళ్లీ పొరలు. రెండు ఫోటాన్లకు కార్టెక్స్‌లో అర మిల్లీమీటరు పైచిలుకు, బాగా కుదిరితే మిల్లీమీటరు దగ్గరి వరకే చూపు. మనుషులకు పెట్ స్కాన్, ఎంఆర్ఐలే దారి.

కానీ ఆ జబ్బును అర్థం చేసుకోవడంలో దీని పాత్ర చిన్నది కాదు. అల్జీమర్స్ తెచ్చిపెట్టిన ఎలుకల్లో అమిలాయిడ్ ఫలకం (ప్రోటీన్ పేరుకున్న ముద్ద) ఎలా పుడుతుందో 2008లో ఒకే చోటును రోజూ చూసి కనిపెట్టారు. నెలల తరబడి మెల్లగా పేరుకుంటుందనుకున్నది ఒక్క రోజులో వెలిసింది. ఒకటి రెండు రోజుల్లో మైక్రోగ్లియా కణాలు (మెదడులోని రక్షణ కణాలు) దాని చుట్టూ చేరాయి, తర్వాత పక్కనున్న నరాల పోగులు వంకర్లు తిరిగాయి. ముందేది, తర్వాతేది అన్నది చచ్చిన కణజాలం ముక్కలో కనబడదు. అంతకుముందే 2001లో, ప్రతిదేహాన్ని (యాంటీబాడీ) ఎలుక మెదడు ఉపరితలం మీద నేరుగా వేస్తే ఉన్న ఫలకాలు రోజుల్లో కరగడం ఇదే పద్ధతిలో చూశారు. అమిలాయిడ్ మీద పనిచేసే ప్రతిదేహాల్లో ఒకటైన లెకానెమాబ్‌కు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. అది తొలి దశలో ఉన్నవాళ్లకు జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, పోగొట్టదు. అమ్మమ్మగారి విషయంలో న్యూరాలజిస్ట్ మాటే వినండి.

కణం_కథ

మైక్రోగ్లియా పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను, ఇమ్యునాలజీ నా రంగం. 2005 దాకా ఈ కణాలు ఏ గొడవా లేనప్పుడు విశ్రాంతిగా పడుంటాయని చెప్పేవారు. ఆ ఏడాది పలచబరిచిన పుర్రె గుండా చూస్తే, కణం ఒళ్లు ఉన్నచోటే ఉండి దాని కొమ్మలు మాత్రం నిమిషానికి సుమారు ఒకటిన్నర మైక్రాన్ల వేగంతో సాగుతూ ముడుచుకుంటూ చుట్టుపక్కలంతా తడుముతున్నాయి. క్షణం ఖాళీ లేదు. అదే లేజర్ పవర్ పెంచి ఒక చిన్న రక్తనాళానికి చిల్లు పెడితే, దగ్గరున్న కణాల కొమ్మలన్నీ అటే తిరిగి ఆ చోటును కప్పేశాయి. చూసే లేజరే గాయమూ చేసింది. ఆ వీడియో సెమినార్‌లో వేస్తే ఇక నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు.

మా వైపు 2002లో లింఫ్ నోడ్‌లో ఇలాగే జరిగింది. వెచ్చగా ఉంచి ఆక్సిజన్ అందిస్తూ చూస్తే టీ కణాలు నిమిషానికి పది మైక్రాన్లకు పైగా పరుగులు తీస్తూ దిక్కు లేకుండా తిరుగుతూ కనిపించాయి. తమకు సరిపడే యాంటిజెన్ (అవి గుర్తుపట్టే పదార్థం) ఎదురైతే అక్కడ ఆగిపోతాయి. స్లైడు మీద ఎన్నిసార్లు చూసినా కణం ఎటు పోతోందో తెలియదు కదా.

స్లైడ్_డాక్టర్

పాథాలజిస్టుని. ఎలుకల సంగతి బాగుంది. ఆస్పత్రి మాటేమిటి? మా దగ్గర బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో నానాలి, పారఫిన్ బ్లాక్ చెయ్యాలి, మైక్రోటోమ్‌తో నాలుగు మైక్రాన్ల పొరలు కోయాలి, హెచ్ అండ్ ఇ రంగులు వెయ్యాలి. రోగి ఇంట్లో వాళ్లు రిపోర్ట్ కోసం రోజులు లెక్కపెడుతుంటారు. "వర్చువల్ బయాప్సీ" అన్న మాట చాలా కాలంగా వింటున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చర్మంలో ఇది 200 మైక్రాన్ల దాకా చూస్తుంది. మెలనోమాలో నాకు కావాల్సింది గడ్డ ఎంత లోతుకు దిగింది అన్నది. 0.8 మిల్లీమీటర్ల దగ్గర స్టేజింగ్ మారిపోతుంది. 0.2 మిల్లీమీటర్లు చూసి నేను సంతకం పెట్టలేను.

లేజర్‌గది

డాక్టరు గారూ, మెలనోమా మందం విషయంలో మీ మాటకు తిరుగులేదు. బయాప్సీ పోతుందన్న ప్రచారం నాకూ నచ్చదు. అయినా చర్మం మీద దీన్ని పూర్తిగా తీసేయలేం. జర్మనీలో జెన్‌ల్యాబ్ వాళ్లు డెర్మాఇన్‌స్పెక్ట్ అనే యంత్రాన్ని మనుషుల చర్మం మీద వాడటానికే తెచ్చారు. ఏ రంగూ ఎక్కించకుండా చూస్తుంది. కణాల్లో సహజంగా ఉండే ఎన్ఏడీహెచ్, మెలనిన్, ఎలాస్టిన్ వాటంతట అవే వెలుగుతాయి. కొల్లాజెన్ అయితే ఫ్లోరోసెన్స్ కూడా కాదు, వచ్చిన కాంతిని సరిగ్గా సగం తరంగదైర్ఘ్యంతో తిప్పి పంపుతుంది. సెకండ్ హార్మోనిక్ అంటాం. అందులో శోషణ లేదు కాబట్టి రంగు వెలిసిపోవడమూ లేదు. మచ్చ, ఫైబ్రోసిస్, గడ్డ అంచుల్లో కొల్లాజెన్ పోగుల వరస చూడటానికి దీన్ని మించింది నాకు తెలియదు.

మన దేశానికి సంబంధించిన సంగతి ఒకటుంది. మెలనిన్ ఈ ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా బాగానే పీల్చుకుంటుంది. తెల్ల చర్మం మీద సర్దిన పవర్‌ను మన చర్మం మీద అలాగే వాడితే కాలుతుంది. ఇక్కడి వాళ్ల మీద ఇక్కడే పరీక్షించి పవర్ నిర్ణయించాలి. ఎవరైనా ఈ పని తలకెత్తుకోవాలని నా కోరిక.

స్లైడ్_డాక్టర్

మెలనిన్ మాట ముఖ్యమైనది, ఒప్పుకుంటున్నా. నాకు ఆశ ఉన్నది ఇంకో చోట. ఆపరేషన్ నడుస్తుండగా తీసిన ముక్కను ఫ్రోజెన్ సెక్షన్ చేస్తాం. కొవ్వు ఎక్కువున్న రొమ్ము కణజాలం సరిగ్గా గడ్డకట్టదు, పొరలు చిరిగిపోతాయి. కోయకుండా తాజా ముక్క ఉపరితలాన్నే ఇలా చూసి అంచులో క్యాన్సర్ మిగిలిందా లేదా చెప్పగలిగితే సర్జన్ అక్కడే ఇంకాస్త తీసేస్తాడు. అక్కడ 200 మైక్రాన్లు చాలు.

ఓరుగల్లు_పీజీ

నేను అడిగిన దానికన్నా చాలా ఎక్కువ దొరికింది. మూడు ఫోటాన్ల విషయం మాత్రం ఇంకా మిగిలింది. z నాలుగో ఘాతం అన్నారు. అంత మేలైతే అందరూ అదే ఎందుకు వాడరు?

మెదడు_కిటికీ

రెండు ఫోటాన్లు ఎక్కడ ఆగిపోతాయో చూస్తే అర్థమవుతుంది. లోతుకు పోయేకొద్దీ ఫోకస్ దాకా చేరే కాంతి తగ్గుతుంది, పవర్ పెంచుతాం. పెంచుతూ పోతే మెదడు పైపొరలోనే తీవ్రత ఎక్కువై అక్కడ కూడా రెండు ఫోటాన్లు కలవడం మొదలవుతుంది. కింద ఉన్న కణం వెలుగు, పైన పుట్టిన మసక వెలుగు సమానమయ్యే లోతు ఒకటి వస్తుంది. దాని తర్వాత పవర్ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, ఉపయోగం లేదు. మూడు ఫోటాన్లలో ఆ పైపొర వెలుగు దాదాపు పుట్టదు. పైగా 1300, 1700 నానోమీటర్ల దగ్గర చెదరడమూ తక్కువ. ఆ రెండింటి మధ్య 1450 దగ్గర నీళ్లు కాంతిని మింగేస్తాయి, అందుకే ఆ రెండు అంకెలే అందరి నోటా వినిపిస్తాయి. కార్నెల్‌లోనే క్రిస్ షూ బృందం 2013లో 1700తో ఎలుక కార్టెక్స్‌నూ, దాని కిందున్న తెల్ల పదార్థాన్నీ దాటి హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన లోపలి భాగం) కణాలను చూసింది. పైనున్న మెదడును తొలగించకుండానే. 2017లో 1300తో అక్కడి న్యూరాన్ల కాల్షియం మిణుకులు (న్యూరాన్ పనిచేస్తోందని చూపేవి) కూడా రికార్డు చేశారు. అంతకుముందు హిప్పోక్యాంపస్ చూడాలంటే పైనున్న కార్టెక్స్‌ను కొంత పీల్చేసి గొట్టం దించేవాళ్లం. నాకు ఇందులో నచ్చింది అదే.

ఖరీదు ఇది. మూడు ఒకేసారి కలవడం చాలా అరుదు, కాబట్టి పల్స్ శక్తి చాలా పెంచాలి. వేడి హద్దు దాటకూడదు కాబట్టి పల్స్‌ల సంఖ్య తగ్గించాలి. 8 కోట్ల బదులు సెకనుకు 10 లక్షలు. 512 × 512 బొమ్మలో 2,62,144 చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక్క పల్స్ ఇచ్చినా సెకనుకు నాలుగు బొమ్మలు కూడా రావు. రెండు ఫోటాన్లలో సెకనుకు 30 బొమ్మలు తీస్తూ ఒక్కో చుక్కకు పది పల్స్‌లు ఇవ్వగలం. అందుకే కార్టెక్స్ పైపొరల్లో వేలాది న్యూరాన్లను ఒకేసారి చూసేవాళ్లు రెండు ఫోటాన్లనే వాడతారు. 2016లో వచ్చిన మీసోస్కోప్ 5 మిల్లీమీటర్ల వెడల్పు చూస్తుంది. 2021లో రాక్‌ఫెల్లర్‌లో వజీరీ బృందం ఒక్కో పల్స్‌ను వేర్వేరు లోతులకు పంచి పది లక్షల న్యూరాన్ల దాకా రికార్డు చేసింది. అవన్నీ రెండు ఫోటాన్లతోనే.

కణం_కథ

తలకు బిగించని ఎలుకల గురించి ఎవరూ చెప్పలేదు. 2001లో తొలిసారి తల మీద పెట్టిన రెండు ఫోటాన్ల మైక్రోస్కోప్ బరువు 25 గ్రాములు, పెద్ద ఎలుకే మోయగలదు. 2017లో బీజింగ్‌లో 2.15 గ్రాములకు తెచ్చారు. 2022లో నార్వేలో మెదడు శాస్త్రవేత్తలు మోసర్ల ల్యాబ్ నుంచి వచ్చినది 3 గ్రాముల లోపు, చిట్టెలుక దాన్ని మోస్తూ హాయిగా తిరుగుతుంటే వెయ్యికి పైగా కణాలు రికార్డవుతాయి. మెదడు_కిటికీ గారి ప్రశ్న, జంతువుకు ఏం చేశారు అన్నది, దీనికి కొంత జవాబు.

లేజర్‌గది

తమ్ముడూ, సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్నలు రెండు, సిద్ధంగా ఉండు. "రెండు ఫోటాన్లతో రిజల్యూషన్ పెరుగుతుందా?" పెరగదు. తరంగదైర్ఘ్యం పెద్దది కాబట్టి పలచటి స్లైడు మీద కాన్ఫోకలే కాస్త మేలు. లోతులో మాత్రం పోలికే లేదు. "రంగు వెలిసిపోవడం ఉండదా?" ఫోకస్ బయట ఉండదు. ఫోకస్ లోపల మామూలు కన్నా ఎక్కువే ఉండొచ్చు.

ఉన్న రెండు ఫోటాన్ల యంత్రాన్నే మూడుకు మార్చొచ్చా అని కూడా అడగొచ్చు. లేజర్ ఒక్కటి మారిస్తే చాలదు. 1300 దగ్గర కాంతిని మింగని ఆబ్జెక్టివ్, అద్దాల మీద కోటింగులు, పల్స్ సాగిపోకుండా ముందే సర్దే ఏర్పాటు కావాలి. 1700కు వెళ్తే ఆబ్జెక్టివ్ కింద మామూలు నీళ్ల బదులు భారజలం పోస్తారు. పచ్చ ఫోటాన్ పట్టే డిటెక్టర్ మాత్రం అదే, దాన్ని కదిలించక్కర్లేదు.